బుల్లెట్ 350 హెడ్డు: ఇన్‌టేక్ పోర్టు 34 చేయించాలా? రోడ్డు బండికి ఎంత సైజు చాలు?

నాగావళి_350
క్లాసిక్ 350, యూసీఈ ఇంజను (ఇంజను, గేరుబాక్సు ఒకే కేసులో ఉన్న రకం), సెకండ్‌హ్యాండ్ బండి. వాల్వు గైడ్లు (వాల్వు కాడ ఆడే గొట్టాలు) అరిగి పొగ వస్తోంటే హెడ్డు దించాం. పాత ఓనరు వాల్వులు మార్పించి పోర్టు (హెడ్డులో గాలి పోయే దారి) కూడా గీకించాడట, ఎంత గీకించాడో లెక్క లేదు. ఇప్పుడు లేత్ వర్క్స్ వాళ్ళు "ఎలాగూ దించీసేం కదా, ఇన్‌టేక్ పోర్టు 34 మి.మీ.కి తీసీద్దాం, గాలి ఎంత పోతే పికప్ అంత" అంటన్నారు. క్యామ్ (వాల్వులు తెరిపించే ఇరుసు) కంపెనీదే. కార్బరేటర్ కంపెనీ 29 మి.మీ. సీవీ రకం. తిరుగుడు ఎక్కువ శ్రీకాకుళం–పలాస హైవే, అప్పుడప్పుడు సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్. 34 తీయించీమంటారా, 32 చాలా, అసలు ముట్టుకోకూడదా? రేపు సాయంత్రంలోగా వాళ్ళకి చెప్పీయాలి.

టెక్కలి_స్పీడ్
తీయించీ. గాలి ఎక్కువ, పెట్రోలు ఎక్కువ, పవర్ ఎక్కువ. ఇందులో ఆలోచించడానికి ఏటుంది?

రాజాం_లేత్
ఆగు బాబూ. తీసిన సరుకు మళ్ళీ అతకదు. ముందు పోర్టు ఇప్పుడు ఎంతుందో కొలిపించు. ఎంతుందో తెలీకుండా ఎంత చెయ్యాలని అడిగితే ఎవరు చెప్తారు?

వెర్నియర్_మాస్టారు
పోర్టు సైజు అంటే కన్నం సైజు కాదు, అందులో గాలి పరిగెత్తే వేగం. ఆ వేగం కాగితం మీదే తేలుతుంది, ఏ మిషనూ అక్కర్లేదు.

సగటు పిస్టన్ వేగం = 2 × స్ట్రోకు × ఆర్‌పీఎం ÷ 60. మీ ఇంజను బోరు 70, స్ట్రోకు 90 మి.మీ. 5500 దగ్గర 2 × 0.09 × 5500 ÷ 60 = 16.5 మీటర్లు, సెకనుకి. దీన్ని బోరు వైశాల్యం, పోర్టు వైశాల్యం నిష్పత్తితో గుణిస్తే పోర్టులో గాలి సగటు వేగం వస్తుంది. బోరు వైశాల్యం 3848 చ.మి.మీ.

పోర్టు 28 అయితే వైశాల్యం 616, వేగం 103 మీటర్లు. 30 అయితే 707, వేగం 90. 34 అయితే 908, వేగం 70.

రోడ్డు బండికి పవర్ శిఖరం వచ్చే ఆర్‌పీఎం దగ్గర ఈ వేగం 90 నుంచి 105 మధ్య ఉంటే బాగుంటుంది. 110 దాటితే పైన, అంటే ఎక్కువ ఆర్‌పీఎంలో, ఊపిరాడదు. 80 కంటే తగ్గితే కింద, అంటే తక్కువ ఆర్‌పీఎంలో, చచ్చిపోతుంది. కంపెనీ చెప్పిన లెక్క 5250 దగ్గర 19.8 బీహెచ్‌పీ, 4000 దగ్గర 28 న్యూటన్ మీటర్ల టార్క్. అంటే ఈ ఇంజను 5500 మనిషి.

ఇంకో వైపు నుంచి చూడండి. 34 పోర్టులో 90 మీటర్ల వేగం రావాలంటే ఇంజను 7000 తిరగాలి. 90 స్ట్రోకుతో 7000 అంటే పిస్టన్ వేగం 21 మీటర్లు. కంపెనీ పిస్టన్, కంపెనీ కనెక్టింగ్ రాడ్ ఆ పని కోసం పుట్టలేదు.

పాలకొండ_పుష్‌రాడ్
మాస్టారి లెక్కకి తోడు ఇంకోటి. యూసీఈలో హైడ్రాలిక్ ట్యాపెట్లు, అంటే ఆయిల్ ఒత్తిడితో సర్దుకుంటూ వాల్వుని తోసేవి. తిరుగుడు మరీ ఎక్కువైతే ట్యాపెట్ లోపల ఆయిల్ నిండిపోయి వాల్వుని పూర్తిగా మూసుకోనివ్వదు. 7000 తిరగడానికి సరిపోయే పోర్టు పెట్టినా ట్యాపెట్ నిన్ను అక్కడికి పోనివ్వదు. 34 వల్ల నష్టమంతా కింద అనుభవిస్తావు, లాభం ఉన్న చోటికి ఎప్పటికీ చేరవు.

టెక్కలి_స్పీడ్
మరి వైజాగ్‌లో 34, 36 పోర్టులతో తిరిగే బుల్లెట్లు ఉన్నాయి కదా. అవి ఎలగ లాగుతున్నాయి?

వెర్నియర్_మాస్టారు
వాటిలో చాలా భాగం 500లు అయ్యుంటాయి. 500 బోరు 84, స్ట్రోకు అదే 90. బోరు వైశాల్యం 5542. 5250 దగ్గర పిస్టన్ వేగం 15.75. 34 పోర్టు పెడితే గాలి వేగం 96 మీటర్లు, చక్కగా సరిపోయింది. అదే వేగం 350లో కావాలంటే స్ట్రోకు ఒకటే కాబట్టి పోర్టు బోరుతో పాటు తగ్గాలి: 34 × 70 ÷ 84 = 28.3 మి.మీ.

500కి నప్పిన అంకెని 350కి దించేస్తున్నారు. అక్కడ 34 ఎంతో ఇక్కడ 28 అంత. లేత్ వాళ్ళు చెడు ఉద్దేశంతో చెప్పి ఉండరు. చేతికి అలవాటైన కట్టర్ అదై ఉంటుంది.

రాజాం_లేత్
ఇది నిజం. 500 హెడ్డుకి కట్టిన ఫిక్చర్ టేబుల్ మీద ఉంటే 350 కూడా దానికిందకే వెళ్ళిపోద్ది.

సాలూరు_ఘాట్
ఘాట్ మాట వచ్చింది కాబట్టి. సాలూరు దాటాక సుంకి వైపు ఎక్కుతుంటే మలుపు దగ్గర ఇంజను 2500కి పడి అక్కడ నుంచి లాగాలి. రెండో గేరు, ఫుల్ త్రాటిల్, వెనక మనిషి. నీకు పికప్ కావాల్సింది అక్కడ, మడపాం టోల్ గేటు దగ్గర 120 కొట్టడానికి కాదు. 34 పోర్టుతో అక్కడ బండి "గుడ్ గుడ్" మని దగ్గుతుంది, గేరు ఇంకోటి దించుకోవాలి. ఎండాకాలం ఎయిర్‌కూల్డ్ ఇంజనుని మొదటి గేరులో అరగంట ఎక్కిస్తే ఏమవుద్దో చెప్పక్కర్లేదు.

నాగావళి_350
హైవే మీద కూడా ఎక్కువసేపు 3000–4000 మధ్యే ఉంటాది. 5500 అంటే ఓవర్‌టేక్‌లో ఎప్పుడో ఒకసారి.

వెర్నియర్_మాస్టారు
అయితే 3500 లెక్క కూడా చూసుకోండి. పిస్టన్ వేగం 10.5. 28 పోర్టులో గాలి 66 మీటర్లు, 30లో 57, 34లో 45.

వేగం పడిపోతే ఏమవుతుందో చెప్తాను. పిస్టన్ అడుగుకి వెళ్ళి పైకి తిరిగాక కూడా ఇన్‌టేక్ వాల్వు కొంతసేపు తెరుచుకునే ఉంటుంది. పోర్టులో గాలి జోరుగా ఉంటే ఆ జోరుతోనే లోపలికి దూరుతుంది, సిలిండర్ బాగా నిండుతుంది. జోరు లేకపోతే పిస్టన్ దాన్ని వెనక్కి తోస్తుంది. అలా కార్బరేటర్ దాకా వెనక్కి వచ్చిన మిశ్రమం మళ్ళీ లోపలికి పోయేటప్పుడు ఇంకోసారి పెట్రోలు పీల్చుకుంటుంది. కింద మిక్చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ) అయిపోయి ప్లగ్గు నల్లబడుతుంది. దాన్ని చూసి జెట్టు (కార్బరేటర్‌లో పెట్రోలు వచ్చే కన్నం) చిన్నది చేస్తారు, పైన లీన్ (పెట్రోలు తక్కువ) అయిపోతుంది. జెట్టు మీద పెట్టే నింద అసలు పోర్టుది.

రెండో సంగతి, నెమ్మది గాలిలో పెట్రోలు చుక్కలు నిలవవు. గోడకి అంటుకుని పోర్టు అడుగున కాలవలా పారతాయి.

ఆమదాలవలస_కార్బ్
మాస్టారు చెప్పింది మన నాగావళిలో కనిపిస్తాది. వేసవిలో ఇసక మీద వెడల్పుగా పరుచుకుపోయి నీరు కదలదు. అదే నీరు నారాయణపురం ఆనకట్ట గేటులోంచి వచ్చినప్పుడు చూడు, కాలు నిలవదు.

ఆర్ఎక్స్_రాజు
ఇదే లెక్క ఆర్‌ఎక్స్ 100కి పనికొస్తాదా? నా ఎగ్జాస్ట్ పోర్టు కొంచెం పైకి తీయిద్దామని ఉంది.

పాలకొండ_పుష్‌రాడ్
రాదు మావా. టూ స్ట్రోక్‌లో హెడ్డుకి పోర్టే లేదు, పోర్టులన్నీ సిలిండర్ గోడలో. అక్కడ ఎత్తు అంటే టైమింగ్, వెడల్పు అంటే వైశాల్యం. ఎగ్జాస్ట్ పోర్టు పైకి తీస్తే పోర్టు ముందే తెరుచుకుంటుంది, కింద టార్క్ పోయి పైన వస్తుంది. వెడల్పు తీస్తే రింగు కన్నంలోకి ఉబ్బి అంచుకి తగులుతుంది. 50 బోరుకి రోడ్డు మీద 65 శాతం, అంటే 32 దాటించకు. అంచులు చాంఫర్ చేయకుండా ఎక్కించావా, మొదటి రోజే రింగు విరిగిపోద్ది. వేరే చర్చ పెట్టు, అక్కడ డిగ్రీల లెక్క చూద్దాం. ఇక్కడ రెండూ కలిపితే కొత్తవాళ్ళు తికమక పడతారు.

ఆర్ఎక్స్_రాజు
సరే మావా, పెడతాను.

టెక్కలి_స్పీడ్
ఫ్లో బెంచి (హెడ్డులోంచి గాలి ఎంత పోతుందో కొలిచే మిషను) మీద పెడితే 34 పోర్టు 30 కంటే ఎక్కువే చూపిస్తాది. అంకె కళ్ళ ముందు కనబడతంటే కాదని ఎలగ అంటాం?

బొబ్బిలి_బెంచి
బెంచి నడిపేవాడిగా చెప్తున్నాను. బెంచి మీద గాలి ఒకే ఒత్తిడితో, ఆగకుండా లాగుతాం. మామూలుగా 28 అంగుళాల నీటి మట్టం తేడాతో. ఇంజనులో గాలి అలా రాదు. 5500 దగ్గర కూడా సెకనుకి 46 సార్లు మొదలై 46 సార్లు ఆగిపోతుంది. ప్రతిసారీ ఆగిన గాలిని కదిలించాలి, కదిలిన జోరుని వాడుకోవాలి. బెంచికి ఆ జోరు సంగతి తెలియదు.

బెంచి దేనికి పనికొస్తుందంటే, ఒకే సైజులో ఆకారం మార్చినప్పుడు ఏది మేలో తేల్చడానికి. పోర్టు పెద్దది చేస్తే బెంచి అంకె పెరుగుతుంది, అది పెద్ద విషయం కాదు. పోర్టు పెద్దది చేయకుండా అంకె పెరిగితే అది పనితనం. నాగావళికి కావాల్సింది ఆ రెండోది.

ఇంకో మాట. పెద్ద పోర్టు బెంచి అంకె కూడా ఒక చోట ఆగిపోతుంది. వాల్వు సీటు కింద సన్నటి మెడ ఉంటుంది కదా, అదెంతో చెప్పండి.

నాగావళి_350
ఇంతవరకు వెర్నియర్ కార్బరేటర్ వైపే పెట్టాను, 31 వచ్చింది. లోపల ఎలగ కొలవాలి?

రాజాం_లేత్
రెండు పద్ధతులు. లోపలి కాలిపర్ గాని, టెలిస్కోపిక్ గేజ్ గాని పెట్టి ప్రతి 10 మి.మీ.కి నిలువు, అడ్డం రెండూ రాసుకో. మెడ దగ్గర సీటు వైపు నుంచి కొలువు.

లేదంటే నీళ్ళ పద్ధతి. వాల్వు పెట్టి, సీటు చుట్టూ పల్చగా గ్రీజు రాసి మూసీయి. హెడ్డుని పోర్టు నోరు పైకి వచ్చేలా పెట్టి లెవెల్ చూసుకో. నోటి మీద కన్నం పెట్టిన యాక్రిలిక్ ముక్కని గ్రీజుతో అంటించు. మందుల షాపులో 50 మి.లీ. సిరంజి దొరుకుతాది. సిరా కలిపిన నీళ్ళు బుడగ లేకుండా నింపు. ఎన్ని మి.లీ. పట్టిందో అది పోర్టు ఘనపరిమాణం. ఒక తీగని పోర్టు నడిమధ్యలో వంచి పెట్టి పొడవు కొలువు. ఘనపరిమాణాన్ని పొడవుతో భాగిస్తే సగటు వైశాల్యం.

కొలిచాక నీళ్ళు తుడిచి ఆయిల్ గుడ్డతో ఒత్తు, మన గాలి తేమకి సీటు రాత్రికి రాత్రే తుప్పెక్కుతాది.

సాలూరు_ఘాట్
అమెరికా వాళ్ళు వీ8 హెడ్లని 180 సీసీ, 195 సీసీ, 210 సీసీ అని అమ్మేది ఇదే కొలత. అక్కడ కూడా ఇదే గొడవ, రోడ్డు బండికి 210 పెట్టి సిగ్నల్ దగ్గర లాగట్లేదని ఏడుస్తారు.

బొబ్బిలి_బెంచి
అయితే సీసీ ఒక్కటే చూసినా మోసపోతాం. పోర్టు పైకప్పు ఎత్తి దారి పొడవు చేస్తే వైశాల్యం పెరగకుండానే సీసీ పెరుగుతుంది. అందుకే పొడవుతో భాగించమని రాజాం అన్న చెప్పింది.

నాగావళి_350
షాపుకి వెళ్ళి అక్కడే కూర్చుని కొలిచాను. ఇన్‌టేక్ వాల్వు తల 33.0. వాల్వు కాడ 7. సీటు కింద మెడ 28.0. కార్బరేటర్ వైపు నోరు 31. నీళ్ళు 48 మి.లీ. పట్టింది, నడిమి గీత పొడవు 68 మి.మీ.

వెర్నియర్_మాస్టారు
48000 ÷ 68 = 706 చ.మి.మీ. అంటే సరాసరి 30 మి.మీ. గుండ్రటి పోర్టుతో సమానం. మీ పోర్టు ఇప్పటికే 5500కి సరిగ్గా సరిపోయిన సైజులో ఉంది. పాత ఓనరు చేయించిన పనే మీకు చాలు, ఇంకేమీ తీయించకండి.

పాలకొండ_పుష్‌రాడ్
33 వాల్వుకి 34 పోర్టా! పెళ్ళి పందిరి పెద్దది వేసి లోపలికి గుమ్మం ఒకటే పెట్టినట్టు. ఎంత మంది వచ్చినా ఆ గుమ్మంలోంచే కదా పోవాలి.

టెక్కలి_స్పీడ్
వాల్వు 33 అని ముందే తెలిసుంటే నేను 34 అనేవాణ్ణి కాదు. ఈ ఇంజనుకి వద్దు, ఒప్పుకుంటున్నాను. కాని చిన్న పోర్టే ఎప్పుడూ మంచిదని ఎవరైనా అనుకుంటే అది కూడా తప్పే.

వెర్నియర్_మాస్టారు
ఆ మాట నిజం. 26 పోర్టు పెడితే 5500 దగ్గర వేగం దాదాపు 120 అవుతుంది. అక్కడ గాలికి దారే అడ్డం, 4500 తర్వాత బండి మూలుగుతుంది తప్ప ముందుకి పోదు. క్యామ్ మార్చి, గట్టి పిస్టన్ వేసి, 6500 తిప్పే ఇంజను కడితే 32 నుంచి 33 సబబే, అప్పుడు వాల్వు కూడా పెరగాలి. ఏ ఆర్‌పీఎం దగ్గర ఇంజను బతకాలో ముందు తేల్చుకున్నాకే పోర్టు అంకె.

చీపురుపల్లి_జిప్సీ
జిప్సీ 1300, 16 వాల్వుల ఇంజనుకి కూడా ఇదే సూత్రమా?

వెర్నియర్_మాస్టారు
అదే. బోరు 74, స్ట్రోకు 75.5. 80 బీహెచ్‌పీ 6000 దగ్గర, అక్కడ పిస్టన్ వేగం 15.1. ఒక సిలిండర్‌కి 90 మీటర్ల వేగానికి మొత్తం 722 చ.మి.మీ. చాలు. పోర్టు రెండుగా చీలాక ఒక్కో కాలు 361, అంటే 21.4 మి.మీ. వాటర్ జాకెట్ పక్కనే ఉంటుంది, గోడ పల్చబడితే కూలెంట్ పోర్టులోకి వస్తుంది. ఘాట్లు ఎక్కే జిప్సీకి పోర్టు ముట్టుకోకుండా సీట్లు బాగా కట్ చేయించుకోవడమే మేలు.

నాగావళి_350
అయితే సైజు వదిలీమంటారు. మరి హెడ్డు ఎలాగూ విప్పి ఉంది, చేయించాల్సింది ఏటి?

బొబ్బిలి_బెంచి
ఆకారం, సీటు. సైజు పెంచకుండా వచ్చే లాభం అంతా వాల్వుకి అటూ ఇటూ 15 మి.మీ. లోపలే ఉంటుంది.

మొదట మెడ. రోడ్డు బండికి మెడ వాల్వు తలలో 85 నుంచి 88 శాతం ఉండాలి. మీది 28 ÷ 33 = 85 శాతం. 28.7కి తీస్తే 87. అంతే, అర మిల్లీమీటరు పైచిలుకు పని. 90 దాటిస్తే సీటుకి ఆనుకునే మెటల్ తగ్గిపోయి గాలి వాల్వు కింద మలుపు తీసుకోలేదు.

రెండోది లోపలి మలుపు, అంటే పోర్టు అడుగు సీటు వైపు కిందకి వంగే చోటు. అసలు ప్రాణం అక్కడ ఉంది. గాలి ఆ మలుపులో గోడని వదిలేస్తే సుడులు తిరిగి మెడలో సగమే వాడుకుంటుంది. చాలామంది చేసే తప్పు ఆ అడుగుని తవ్వడం. చెయ్యి అక్కడికే సులువుగా అందుతుంది కాబట్టి తవ్వేస్తారు, మలుపు పదునెక్కి పోర్టు చెడుతుంది. అడుగు తవ్వొద్దు. పదును అంచు మాత్రం గుండ్రం చేయించండి. తీయాల్సి వస్తే పైకప్పు వైపు తీయాలి.

మూడోది గైడు దిమ్మ. 30 పోర్టులో 7 మి.మీ. కాడ అడ్డంగా నిలబడితే 7 × 30 = 210 చ.మి.మీ. మింగేస్తుంది, 707లో 30 శాతం. అందుకే గైడు దగ్గర పోర్టు పక్కలకి కొంచెం వెడల్పు కావాలి. దిమ్మని పడవ ముక్కులా సన్నం చెయ్యండి, పూర్తిగా నరికేయకండి.

రాజాం_లేత్
గైడు నరికితే ఎయిర్‌కూల్డ్‌లో ఇంకో నష్టం. వాల్వు కాడ వేడి గైడు ద్వారానే హెడ్డుకి పోవాలి. గైడు పొట్టిదైతే కాడ ఊగి, సీటు గుడ్డు ఆకారంలో అరిగిపోద్ది. నీ బండి పొగకి మూలం అదే కావచ్చు, పాత గైడు పొడవు చూడు.

వరస తప్పకూడదు. ముందు పోర్టు గ్రైండింగ్, తర్వాత కొత్త గైడ్లు, రీమింగ్, ఆ తర్వాత సీటు కటింగ్. సీటు కట్టర్ పైలట్ గైడులోనే కూర్చుంటాది, పాత గైడు మీద సీటు కొడితే కొత్త గైడుకి సీటు పక్కకి పోద్ది. కాడకి, గైడుకి మధ్య ఖాళీ ఇన్‌టేక్‌కి 0.03–0.05, ఎగ్జాస్ట్‌కి 0.05–0.08 చూస్తాం.

సీటు మూడు కోణాలు, 30, 45, 60. 45 వెడల్పు ఇన్‌టేక్‌కి 1.2, ఎగ్జాస్ట్‌కి 1.6. ఎగ్జాస్ట్ సన్నం చేయకు, వాల్వు వేడి దిగేది ఆ పట్టీ మీదుగానే. బ్లూ (గుర్తు పడే నీలం రంగు) రాసి తిప్పితే రంగు పట్టీ వాల్వు ముఖం మధ్యలో చుట్టూ తెగకుండా పడాలి. చివరగా స్ప్రింగులు ఎక్కించి పోర్టులో కిరసనాయిలు పోసి పావుగంట చూడు. ఛాంబర్ వైపు చెమ్మ కూడా రాకూడదు.

పాలకొండ_పుష్‌రాడ్
గ్రైండర్ పట్టేవాడికి రెండు మాటలు. అల్యూమినియంకి వెడల్పు పళ్ళ కార్బైడ్ బర్ వాడాలి, సన్న పళ్ళది పెడితే నిమిషంలో సరుకు అంటుకుపోద్ది. బర్‌కి కిరసనాయిలు గాని, కొవ్వొత్తి మైనం గాని పట్టించాలి. సీటు మీద పాత వాల్వు పెట్టి ఉంచితే చెయ్యి జారినా సీటు బతుకుద్ది. స్టడ్ కన్నాల వైపు, స్ప్రింగు కూర్చునే అడుగు వైపు 3 మి.మీ. గోడ తగ్గనివ్వకు. కన్నం పడితే వెల్డింగ్ అంటారు, ఆ వేడికి సీటు వదులైపోద్ది.

ఆమదాలవలస_కార్బ్
పోర్టు లోపల అద్దంలా పాలిష్ చేస్తామంటే వద్దను. ఇన్‌టేక్ 80 నంబరు ఎమరీతో ఆపీయాలి, కొంచెం గరుకు ఉంటే పెట్రోలు పొర గోడకి అంటుకోకుండా మళ్ళీ గాలిలో కలుస్తాది. పాలిష్ ఎగ్జాస్ట్‌కి చేయించు, కార్బన్ బేగి పట్టదు.

నాగావళి_350
నోరు 31 ఉంది, కార్బరేటర్ 29. ఆ మెట్టు సంగతి?

ఆమదాలవలస_కార్బ్
గాలి చిన్న దానిలోంచి పెద్ద దానిలోకి పోతోంది, ఎదురు అంచు లేదు కాబట్టి పెద్ద ప్రమాదం కాదు. ఒక్కో పక్క 1 మి.మీ. మెట్టు. రబ్బరు మానిఫోల్డ్ లోపలి కొలత చూడు. అది పోర్టు కంటే పెద్దదై, పోర్టు అంచు గాలికి ఎదురుగా నిలబడితేనే చేటు. ప్యాకింగ్ కూడా చూడు, లోపలికి 1 మి.మీ. పొడుచుకొచ్చిన ప్యాకింగ్ ఉంటే నువ్వు చేసిన పోర్టు పనంతా దండగే.

టెక్కలి_స్పీడ్
ఆ 31 నోటిని ఎపాక్సీతో 30కి నింపొచ్చా?

బొబ్బిలి_బెంచి
నింపొచ్చు, ఫలితం కూడా ఉంటుంది. కాని ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్‌కి నిలవని ఎపాక్సీ మెత్తబడి ఊడుతుంది, ఊడిన ముక్క నేరుగా వాల్వు కిందకే. ఒక్క మిల్లీమీటరు కోసం ఆ ప్రమాదం తీసుకోకండి.

సాలూరు_ఘాట్
ఎగ్జాస్ట్ పోర్టు?

బొబ్బిలి_బెంచి
ఇన్‌టేక్ ఫ్లోలో 75–80 శాతం ఎగ్జాస్ట్ ఇస్తే చాలు. కార్బన్ తీసి, గైడు దిమ్మ సన్నం చేసి, సీటు సరిచేసి వదిలేయండి. బెండు పైపు నోరు పోర్టు కంటే 1 మి.మీ. పెద్దదిగా ఉంటే వెనక్కి తిరిగే పొగని ఆ మెట్టు ఆపుతుంది. అక్కడ పోర్టుని పైపుకి సమానం చేయాలని తవ్వొద్దు.

పాలకొండ_పుష్‌రాడ్
తమ్ముడూ, పోర్టుకి పెట్టే డబ్బు కంప్రెషన్‌కి పెడితే 2500 నుంచి 5500 దాకా అంతటా తెలుస్తుంది. కంపెనీది 8.5. ఛాంబర్ మొత్తం 346 ÷ 7.5 = 46 సీసీ. 9.5 చేయాలంటే 346 ÷ 8.5 = 40.7. అంటే 5.4 సీసీ తగ్గించాలి.

సాలూరు_ఘాట్
9.5 నాకు నచ్చలేదు. రోహిణీ కార్తెలో ఘాట్ మీద ఫుల్ త్రాటిల్, ఎయిర్‌కూల్డ్, 70 బోరు. టిక్కు టిక్కుమని నాకింగ్ మొదలైతే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ ఉంటే ఆ చప్పుడులో నీకు వినపడదు, పిస్టన్ కన్నం పడ్డాకే తెలుస్తుంది. 9కి ఆగు.

పాలకొండ_పుష్‌రాడ్
యూసీఈకి రెండు ప్లగ్గులు, మంట బేగి అంటుకుంటుంది, 9.5 మోస్తుందని నా లెక్క. అయినా ఘాట్ ఎక్కేవాడికి 9 అన్నది తప్పు పట్టను. 9కి ఛాంబర్ 43.25, తగ్గించాల్సింది 2.9 సీసీ. ఏదైనా సరే, మైనం ముద్ద పెట్టి తిప్పి పిస్టన్‌కి వాల్వుకి మధ్య ఇన్‌టేక్ 1.5, ఎగ్జాస్ట్ 2 మి.మీ. మిగిలిందో లేదో చూడకుండా బోల్టులు బిగించకు. సిలిండర్ అడుగు కోసి ఎత్తు తగ్గిస్తే పుష్‌రాడ్ పొడవు కూడా మారుతుంది. హైడ్రాలిక్ ట్యాపెట్ కొంత సర్దుకుంటుంది గాని దానికీ హద్దుంది.

నాగావళి_350
కంప్రెషన్ ఇప్పుడు ముట్టను, ఈసారికి హెడ్డు వరకే. షాపుకి రాసిచ్చింది ఇది: పోర్టు సైజు పెంచొద్దు. మెడ 28.7. లోపలి మలుపు అంచు గుండ్రం, అడుగు తవ్వొద్దు. గైడు దిమ్మ సన్నం, గైడు పూర్తి పొడవు. ముందు గైడు, తర్వాత సీటు, 30-45-60. 80 ఎమరీ. కిరసనాయిలు పరీక్ష నా ముందు. ఏమైనా మర్చిపోనానా?

రాజాం_లేత్
వాల్వు కాడ సీళ్ళు కొత్తవి. స్ప్రింగు ఎక్కిన ఎత్తు కూడా రాయి. సీటు కోసినప్పుడు వాల్వు పైకి జరుగుతాది, స్ప్రింగు ఆ మేరకు వదులవుద్ది. ఎంత జరిగిందో అంత మందం షిమ్ (పల్చటి రేకు వాషరు) స్ప్రింగు కింద వెయ్యమను.

ఆమదాలవలస_కార్బ్
బిగించాక జెట్టు జోలికి వెంటనే వెళ్ళకు. 500 కిలోమీటర్లు నడిపి, 4000 దగ్గర ఫుల్ త్రాటిల్‌లో ఉండగానే క్లచ్ పట్టి ఇంజను ఆపి ప్లగ్గు తీసి చూడు. తెల్లగా ఉంటే మెయిన్ జెట్టు ఒక నంబరు పెంచు, మసి ఉంటే తగ్గించు. మార్చాక పొల్యూషన్ చెకింగ్‌లో ఐడిల్ సీవో (బండి ఊరికే తిరిగేటప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడ్) నీ బండికి పెట్టిన హద్దు లోపల ఉండాలి. అక్కడ ఎక్కువ చూపిస్తే మెయిన్ జెట్టు తిప్పకు, ఐడిల్ మిక్చర్ స్క్రూ చూడు.

నాగావళి_350
షిమ్ కూడా రాసీసేను. లేత్ వాళ్ళు మెడ 28.7కి తీయడానికి ఒప్పుకున్నారు గాని, లోపలి మలుపుకి పొడుగు కాడ బర్ తమ దగ్గర లేదంటన్నారు. ఎవరి దగ్గరైనా ఉందా?

రాజాం_లేత్
6 మి.మీ. కాడ, 150 పొడుగు, గుండ్రటి తలది నా దగ్గరుంది. రాజాం బస్టాండు దగ్గర తీసుకో, పనయ్యాక తెచ్చీయి. మైనం పట్టించకుండా వాడితే మాత్రం ఊరుకోను.